వీరమ్మ కట్టుకున్న కడుపు

తుమ్మలదొడ్డిలో బజారి పెండ్లాం వీరమ్మకు కడుపు వచ్చిందని ఊరంతటికీ తెలిసింది. అందరికంటే ఆలస్యంగా తెలిసింది వీరమ్మకే. పత్తి చేలో కూలి ముగించుకుని సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె ఒడిలో పచ్చి చింతకాయలు తెచ్చింది. ఇంకొకామె వీరమ్మ చేతులు పట్టుకుని "ఇన్నాళ్ళకు నీ మొర ఇన్నాడు మే దేవుడు" అని కళ్ళు ఒత్తుకుంది. వీరమ్మ అత్త ఉరుకుందమ్మ గడపలో నిలబడి, నోరు మెదపవద్దని కోడలికి కళ్ళతోనే చెప్పింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

ఆ కడుపు దేవుడు ఇచ్చింది కాదు, ఊరి పెద్ద బసవన గౌడ ఇచ్చింది. తప్పుగా అనుకోకండి. ఆయన చేసింది అంతకంటే పాపపు పని.

బసవన గౌడకూ, పక్క ఊరు ఎర్రదిన్నెలో ఉండే లింగన గౌడకూ పడదు. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. ఒక బావి మీద మొదలైన తగాదా చేలల్లోకి పాకి, చేలల్లోంచి సంతలోకి వచ్చింది. ఎమ్మిగనూరు సంతలో పట్టపగలు లింగన గౌడ మనుషులు బసవన గౌడ తమ్ముణ్ణి ఉల్లిగడ్డల కుప్ప మీద పడేసి నరికారు. ఆ వారం ఆ గడ్డలు ఎవరూ కొనలేదు. దానికి బదులుగా ఇటువాళ్ళు లింగన గౌడ అల్లుణ్ణి జొన్నచేలో పట్టుకుని రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా తీసేశారు. చంపకుండా వదిలినందుకు తామేదో దయ చూపించినట్టు చెప్పుకున్నారు కూడా. ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. అక్కడ తెగినవన్నీ జీతగాళ్ళ, తమ్ముళ్ళ మెడలూ, అల్లుళ్ళ కాళ్ళే తప్ప, గౌడలిద్దరి ఒంటి మీద గోటి గాయం కూడా లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్తలు అవి. పోలీసులు దారుల్లో నిలబడి మగవాళ్ళను తడమడం మొదలుపెట్టారు. నడుముల్లోంచి కొడవళ్ళు, కంబళ్ళలోంచి గొడ్డళ్ళు కుప్పలు కుప్పలుగా బయటపడ్డాయి. బసవన గౌడ దగ్గర ఒక పిస్తోలు ఉంది. నైజాం సరిహద్దులో గోలలైనప్పుడు తుంగభద్ర అవతలి నుంచి వచ్చింది. దానికి లైసెన్సు లేదు. అది వెంట లేకుండా ఆయన గడప దాటలేడు, ఉంటే పోలీసులను దాటలేడు. ఆడవాళ్ళను తడమడానికి మాత్రం ఆ రోజుల్లో ఆడ పోలీసులు లేరు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ చుట్టుపక్కల ఎంత కక్ష ఉన్నా ఒక కట్టుబాటు మాత్రం తప్పేవాళ్ళు కాదు. నిండు మనిషి ఎదురైతే ఎత్తిన కత్తి దించాలి. ఒకసారి ఎర్రదిన్నె వాళ్ళు తుమ్మలదొడ్డి మనిషిని తరుముకుంటూ వచ్చారు. వాడొక గుడిసెలో దూరాడు. గడపలో చూలింత నిలబడి ఉంది. వచ్చినవాళ్ళు వాకిట్లోనే గొడ్డళ్ళు కింద పెట్టి, ఆమెనే మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు. ఇలాంటి ఒకటి రెండు మాటల మీదే ఊళ్ళు బతుకుతాయి. బసవన గౌడ ఆ మాటను తన పిస్తోలుకు ఒర చేసుకున్నాడు.

"నీ పెండ్లానికి యెట్లా పిల్లల్లేరు గదరా బజారీ. నడుం సన్నం. యెంత కావాలంటే అంత కట్టొచ్చు" అన్నాడు.

బజారి గౌడ వెంట కర్ర పట్టుకుని నడిచే మనిషి. గౌడ చెప్పింది చేయడమే తప్ప, చెప్పిందేమిటో విని ఎరగడు. ఉరుకుందమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. కానీ ఉన్న గుడిసె గౌడది, తింటున్న జొన్నలు గౌడవి. ఆమె రాత్రికి రాత్రే పాత చీరలు చింపి గుడ్డలు చుట్టింది. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు, పొద్దున్నే నలుగురికీ కబురు చెప్పేసింది.

"అత్తా, నాకు సిగ్గేస్తాంది" అంది వీరమ్మ.

"సిగ్గుతో కడుపు నిండదు. రా, చీర ఇప్పు" అంది ఉరుకుందమ్మ.

పిస్తోలు పట్టడం నేర్పింది ఆదోనిలో కరీం సాబ్. ఆయన సిపాయిగా బర్మా దాకా వెళ్ళి వచ్చాడు. ఇప్పుడు మార్కెట్టు వెనక సందులో తాళాలూ, స్టవ్వులూ బాగుచేస్తాడు. బజారి సంగతి చెప్పగానే ఆయన మొదట కాదని లేచాడు. గౌడ పేరు విని మళ్ళీ కూర్చున్నాడు. ఆదోనిలో బతకాలంటే కొన్ని పేర్లకు కూర్చోవాలి.

"దేఖో బేటీ, ఇది సామాను గాదు, పాము. పాము తల యెటు చూస్తాందో నీకు నిద్దర్లో గూడా ఎరుక ఉండాల. నీ తొడ, నీ పాదం, పక్కనోళ్ళ పాదం, ఏదీ ఈ గొట్టం దావలో ఉండగూడదు. నేలను సూడాల, బయటికి సూడాల. సమజ్ అయిందా?"

వీరమ్మ తల ఊపింది. ఆయనకు ఆ ఊపు చాలలేదు. ఖాళీ పిస్తోలును ఆమె నడుముకు కట్టించి, రోజంతా తన పెరట్లో పని చేయించాడు. కూర్చోమన్నాడు, లెమ్మన్నాడు, బిందె ఎత్తమన్నాడు, రుబ్బమన్నాడు, గోడ పక్కన నిలబెట్టిన బండి ఎక్కి దిగమన్నాడు. గొట్టం పక్కకు తిరిగినప్పుడల్లా కట్టెపుల్లతో ఆమె మోచేతి మీద కొట్టాడు. సాయంత్రానికి మోచెయ్యి వాచింది.

"ఆరు అరలుంటాయి. అయిదే నింపాల. ఈ గుర్రం కింద ఉండే అర ఖాళీ" అన్నాడు, పిస్తోలు వెనక కొట్టుకునే ఇనుప ముక్కను చూపించి. "నువ్వు తట్టుకొని పడినా, దాని మీద దెబ్బ తగిలినా, ఖాళీ అర మీద పడ్తాది. గౌడ ఆరూ నింపమంటాడు. ఇనొద్దు. కడుపు నీది, గౌడది గాదు."

"మీట మీద ఏలు యెప్పుడు పెట్టాల సాబన్నా?"

"కొట్టేది ఖాయమని మనసు సెప్పినాక. అంతదాకా ఏలు ఇనుము పక్కన సక్కగా పండుకోవాల. తొందరపడే ఏలు సొంత మొగున్ని గూడా సంపుతాది."

గుడ్డల్లో ఊరికే దోపితే మీట దేనికైనా తగులుకుంటుందని, ఏసేపు చేత మందపు తోలుతో ఒర కుట్టించాడు. ఏసేపు చెప్పులు కుట్టేవాడు. మీట పూర్తిగా మూసుకుపోయేలా కుట్టమంటే, ఇదేం చెప్పో అర్థం కాక తల గోక్కుంటూనే కుట్టి ఇచ్చాడు. ఆ ఒరను వీరమ్మ ఒంటికి ఆనించి, గొట్టం ఎడమ తొడ పక్కన నేలను చూసేలా కట్టుకుంది. దాని మీద గుడ్డలు, గుడ్డల మీద చీర. కుచ్చిళ్ళ పక్కన చెయ్యి దూరేంత సందు. ఎడమచేత్తో కొంగు ఎత్తడం, కుడిచెయ్యి లోపలికి పోవడం, పిస్తోలు పైకి రావడం, అప్పుడు గొట్టం ముందుకు తిరగడం. ఇది కరీం సాబ్ పెరట్లో ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్క లేదు. చివరికి ఆయనే కళ్ళు దించుకున్నాడు.

"బాగా వచ్చింది బేటీ. రాకపోయింటేనే బాగుండు" అన్నాడు.

పనికిమాలిన పని కూడా అలవాటైతే ముద్దొస్తుంది. వీరమ్మకు ఆ కడుపు మీద ఇష్టం పుట్టింది. ఇన్నాళ్ళూ గొడ్రాలని పేరంటానికి పిలవని వాళ్ళు పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. చేలో సాలు చివర నీడ చూపించారు. దారిలో ఎవరో ముసలాయన తలపాగా విప్పి, ఆమె కూర్చోవడానికి అరుగు దులిపాడు. ఇంటికి వచ్చి గుడ్డలు విప్పేటప్పుడు మాత్రం ఆమెకు ఏడుపు వచ్చేది. విప్పాక లోపల ఏమీ లేకపోవడం ప్రతి సాయంత్రం కొత్తగా తెలిసేది.

ఒకనాడు చేనిగట్టు మీద లక్ష్మమ్మ ఎదురైంది. ఎర్రదిన్నె లక్ష్మమ్మ రెండు ఊళ్ళకూ మంత్రసాని. గౌడల ఇళ్ళల్లో మనవళ్ళనూ ఆమే తీసింది, మాలపల్లెలో బిడ్డలనూ ఆమే తీసింది. కక్షలు ఆమె చేతి సంచిని ఆపలేదు. ఆమె మొగుడు ఈరన్న మాత్రం లింగన గౌడ దగ్గర గొడ్డలి పట్టే మనిషి.

"ఏం మే వీరమ్మా, కడుపంట గదా! రా, సూస్తా" అని లక్ష్మమ్మ నవ్వుతూ చెయ్యి చాచింది.

వీరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ చేతికి ఇనుము తగిలితే అంతా అయిపోతుంది. "ముట్టుకోవద్దక్కా. దిష్టి తగుల్తాదంట. మా అత్త కొడ్తాది" అంది.

లక్ష్మమ్మ ఏమీ అనుకోలేదు. లేకలేక కలిగిన కడుపు, భయపడుతోంది అనుకుంది. "నొప్పులు రాంగానే మనిషిని పంపు. ఏ పొద్దులో అయినా వస్తా" అని వెళ్ళిపోయింది. మంచివాళ్ళను మోసం చేయడం ఎంత సులభమో ఆ రోజు వీరమ్మకు తెలిసింది.

మాఘమాసంలో బసవన గౌడ పత్తి బండ్లు ఆదోనికి బయలుదేరాయి. ముందు బండిలో గౌడ, దాని పక్కన నడుస్తూ బజారి, వెనక బండిలో పత్తి మూటల మీద వీరమ్మ. వంక మీది చిన్న వంతెన, మోరీ దగ్గర పోలీసులు ఆపి మగవాళ్ళందరినీ తడిమారు. బజారి కొడవలి, బండి కింద కట్టిన గొడ్డలి అక్కడే తీసుకున్నారు. వీరమ్మను చూసి జమేదారు "నిండు మనిషిరా, ఎద్దులను మెల్లగా తోలు" అని బండివాణ్ణి కసిరి పంపించాడు.

మోరీ కనుమరుగైందో లేదో, తుమ్మకంపల చాటు నుంచి ఎర్రదిన్నె వాళ్ళు వచ్చారు. మొదట ఎద్దుల వెనక కాళ్ళ నరాలు కోశారు. అవి అరుస్తూ కూలబడ్డాయి. ముందు బండివాడు దూకబోతే మొహం మీద గొడ్డలి పడింది. బసవన గౌడ బండి వెనక నుంచి జారి, మోరీ వైపు, పోలీసుల వైపు పరుగెత్తాడు. అంత లావు మనిషి అంత జోరుగా ఉరుకుతాడని ఎవరూ అనుకోలేదు. బజారి పరుగెత్తలేదు. బండి గుంజ ఊడబెరికి ఒకడి దవడ పగలగొట్టాడు. ఇంకొకడి మోకాలు విరగ్గొట్టాడు. వెనక్కి అడుగులు వేస్తూ పెండ్లాం బండి దగ్గరికి వచ్చి, పైకి చెయ్యి చాచి "వీరీ, ఇయ్యి!" అని అరిచాడు.

ఆ చెయ్యి అక్కడే తెగింది. తెగి పత్తి మూట మీద పడింది. వీరమ్మ చూస్తుండగానే అతని మెడ మీద రెండో దెబ్బ, మూడో దెబ్బ పడ్డాయి. ఆ తర్వాత దెబ్బలు ఎందుకు వేశారో వేసినవాళ్ళకే తెలియాలి. కోపం చచ్చినవాణ్ణి కూడా వదలదు.

ఈరన్న గొడ్డలితో ఆమె బండి ఎక్కాడు. ఎక్కి, కడుపు చూసి ఆగాడు. మొహం మీద చిందిన నెత్తురు మోచేత్తో తుడుచుకున్నాడు. గొడ్డలిని మూటకు ఆనించాడు.

"భయపడొద్దమ్మా. మా లక్ష్మి సెప్పింది నీ సంగతి. నిన్నేం జెయ్యం. దిగి పో" అని, దిగడానికి ఆసరాగా చెయ్యి అందించాడు.

వీరమ్మ ఎడమచేత్తో కొంగు ఎత్తింది. కుడిచెయ్యి లోపలికి పోయింది. పిస్తోలు పైకి వచ్చింది, గొట్టం ముందుకు తిరిగింది. కరీం సాబ్ నేర్పిన దాంట్లో ఒక్కటీ తప్పలేదు. కొట్టేది ఖాయమని మనసు చెప్పింది, అప్పుడే వేలు మీట మీదికి పోయింది. గుండు ఈరన్న గొంతులో దిగింది. కిందనుంచి ఎక్కబోతున్న ఇంకొకడి భుజంలో రెండోది దిగింది. ఆడదాని కడుపులోంచి పిస్తోలు రావడం చూసి మిగిలినవాళ్ళు కంపల్లోకి పరుగుతీశారు.

కట్టు ఊడి గుడ్డలన్నీ బయటికి జారాయి. ఈరన్న ఇంకా చావలేదు. గొంతు పట్టుకుని వెల్లకిలా పడి, ఆ పాత చీరల పీలికల వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. అర్థం కాక చూశాడు. అలా చూస్తూనే పోయాడు. వీరమ్మ తన మొగుడి చావును మరిచిపోయిన రోజులున్నాయి గానీ, ఆ చూపును మరిచిన రోజు లేదు.

పోలీసులు వచ్చేలోపు గౌడ మనుషులు పిస్తోలును బజారి మిగిలిన చేతిలో పెట్టారు. చచ్చినవాడి మీద కేసు రాసి, చచ్చినవాడితోనే ముగించారు. గౌడ ఒక బస్తా జొన్నలు పంపి, మళ్ళీ ఆ గుడిసె వైపు తిరిగి చూడలేదు. కాయితాల మీద ఏమున్నా, ఎవరు కాల్చారో రెండు ఊళ్ళకూ తెలుసు. తప్పించుకున్నవాళ్ళు చెప్పారు.

ఆ తర్వాత కట్టుబాటు చచ్చిపోయింది. తుమ్మలదొడ్డి కడుపు ఏది కనబడినా చీరి చూసే వదులుతామని ఎర్రదిన్నె వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. ఎమ్మిగనూరుకు నడిచి వెళ్తున్న ఒక వడ్రంగి ఇంటి కోడలిని దారిలో ఆపి, పిస్తోలుందేమో చూద్దామని కర్ర మొనతో కడుపులో పొడిచారు. ఆమెకు పిస్తోలు లేదు. ఆ సాయంత్రానికి బిడ్డ కూడా లేదు. ఆ ఇంటివాళ్ళు వచ్చి వీరమ్మ వాకిట్లో దుమ్మెత్తి పోశారు. వీరమ్మ తలుపు వేసుకోలేదు. పోయించుకుంది.

ఆ దుమ్ము మీద పడుతున్నప్పుడే ఆమెకు కడుపులో తిప్పింది. వాంతి చేసుకుంది. మొదట దుఃఖం అనుకుంది. తర్వాత మట్టి వాసనకు నోరూరింది, జొన్నరొట్టె కాలే వాసనకు వికారం వచ్చింది. నెల తప్పడం గుర్తుకొచ్చింది. బండి మీద కూర్చున్న రోజుకే, ఆ గుడ్డల కింద, బజారి బిడ్డ పడి ఉంది. ఆమెకు తెలియలేదంతే.

అత్తతో చెప్పింది. ఉరుకుందమ్మ చేటలోంచి తల కూడా ఎత్తలేదు.

"నా సేత్తో నేను కట్టిన కడుపు. నాకే సెప్తావా?"

"నిజం అత్తా."

"గౌడ మళ్ళీ ఏమన్నా దాసిపెట్టుకోమన్నాడా?"

ఊరు కూడా అంతే అంది. ఈసారి ఎన్ని గుండ్లు పట్టాయని బావి దగ్గర నవ్వారు. మునుపు అబద్ధపు కడుపుకు అరుగు దులిపిన ఊరు, నిజమైన కడుపును చూసి ఉమ్మేసింది. వీరమ్మకు కోపం రాలేదు, భయం వచ్చింది. మొగుడు పోయాడు, పరువు పోయింది. లోకంలో తనదంటూ మిగిలింది ఆ కదిలే ముద్ద ఒక్కటే. దాన్ని బతికించుకోవాలి. దానికోసం ఆమె ఊరి పొలిమేర దాటలేదు, సంతకు పోలేదు, వంగి నడిచింది, వదులుగా చీర కట్టి కడుపును దాచుకుంది. లేని కడుపును చూపించుకుంటూ తిరిగిన మనిషి ఉన్న కడుపును దొంగసొత్తులా దాచుకోవాల్సి వచ్చింది.

శ్రావణమాసంలో, చేలల్లో బురద మోకాలి లోతు ఉన్న రోజుల్లో, తెల్లవారుతూనే నొప్పులు పట్టాయి. పొద్దెక్కినా బిడ్డ కదలలేదు. అప్పటికి నమ్మిన ఉరుకుందమ్మ పొట్ట తడిమి చూసింది.

"అడ్డం తిరిగింది మే. దీన్ని తిప్పే సెయ్యి ఈ సీమలో లక్ష్మమ్మదొక్కటే."

"పోదాం పా" అంది వీరమ్మ.

"ఆమె మొగున్ని సంపినావే!"

"ఈడుంటే ఇద్దరం సస్తాం. ఆడ ఆమె సంపితే సంపనీ. బిడ్డను మాత్రం తిప్పుతాదేమో."

వాళ్ళను ఎక్కించుకోవడానికి ఊళ్ళో ఏ బండీ కదలలేదు. అత్త భుజం పట్టుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా గట్టు మీద కూలబడి, తగ్గగానే లేచి నడిచింది. ఎర్రదిన్నె మొదట్లోనే మగవాళ్ళు చూశారు. గొడ్డళ్ళు తీసుకుని అడ్డం వచ్చారు. ఒకడి భుజానికి ఆమె పిస్తోలు చేసిన మచ్చ ఉంది.

"తుమ్మలదొడ్డి కడుపు వచ్చిందిరా! సీల్చి సూడండి" అన్నాడు వాడు.

ఉరుకుందమ్మ వాళ్ళ కాళ్ళ మీద పడింది. వీరమ్మ పడలేదు. పడితే లేవలేదు. ఆమె కొంగు తీసేసింది. చీరను బొడ్డు కిందికి లాగేసింది. మిట్టమధ్యాహ్నం, ఊరి నడివీధిలో, అంతమంది మగవాళ్ళ ముందు, నీలపు నరాలు తేలిన కడుపును బట్ట అడ్డు లేకుండా నిలబెట్టింది.

"సూడండప్పా. గుడ్డల్లేవు. ఒర లేదు. ఇది నా తోలే" అంది. అని అలాగే నడిచింది. ఆ దేశంలో ఆడది అలా నడిచిందని అంతకుముందు ఎవరూ వినలేదు. మగవాళ్ళు తలలు తిప్పుకున్నారు గానీ గొడ్డళ్ళు దించలేదు. దించమన్న కట్టుబాటును ఆమే చంపింది మరి.

లక్ష్మమ్మ తన గడప దిగి వచ్చింది. బొట్టు లేని మొహం. వీరమ్మ ముందు నిలబడి, కడుపు మీద చెయ్యి వేసింది. ఈసారి వీరమ్మ వెనక్కి పోలేదు. లక్ష్మమ్మ చెయ్యి పైనుంచి కిందికి, ఆ పక్కనుంచి ఈ పక్కకు నడిచింది. లోపలి నుంచి ఒక తన్ను తగిలింది. ఆ చెయ్యి అక్కడే కాసేపు ఆగింది.

"బిడ్డే" అంది లక్ష్మమ్మ మగవాళ్ళతో. "పోండి ఈడ్నుంచి."

"అక్కా, అన్నను సంపింది ఇదే గదా!"

"ఎవరు సంపిండేదో నాకు ఎరుకే. పోండంటాండా."

పంచలో గోనె పరిచి పడుకోబెట్టింది. చేతికి ఆముదం రాసుకుంది. ఆ తర్వాత జరిగింది రాస్తే చదివేవాళ్ళకు కూడా నొప్పి పుడుతుంది. బయటినుంచి కడుపును పిసికి, లోపలినుంచి భుజాన్ని నెట్టి, బిడ్డను తిప్పింది. వీరమ్మ అరుపులు ఊరి బయట దాకా వినిపించాయి. లక్ష్మమ్మ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు మాత్రం పని ఆపలేదు. పొద్దు వాలే వేళకు ఆడబిడ్డ బయటపడి, ఏడవకుండా నీలంగా ఉండిపోతే, కాళ్ళు పట్టి తలకిందులు చేసి, వీపు మీద చరిచి ఏడిపించింది. కొడవలి కాల్చి బొడ్డు కోసింది. ఉడుకునీళ్ళతో తుడిచి, బిడ్డను వీరమ్మ ఎడమ మోచేతిలో పెట్టింది.

కొడవలిని కింద పెట్టలేదు.

"కడుపు దగ్గర కత్తి ఎత్తగూడదు. నేను ఎత్తలే" అంది. "ఇప్పుడు కడుపు లేదు. నిన్ను కడుపని నా మొగునికి సెప్పింది నేనే. ఆ మాటకే ఆయప్ప గొడ్డలి దించినాడు. దించినోని మీద మీట నొక్కిన ఏలు ఏదో ఇయ్యి."

ఉరుకుందమ్మ అడ్డం రాబోయింది. వీరమ్మ వద్దని తల ఊపింది. ఏడుస్తున్న బిడ్డను రొమ్ముకు అదుముకుని, కుడిచేతి చూపుడు వేలు చాచి రోలు అంచు మీద తానే పెట్టింది. పక్కకు చూడలేదు. లక్ష్మమ్మ మొహంలోకి చూసింది. కొడవలి ఒక్కసారే పడింది. ఎముక దగ్గర ఆగితే లక్ష్మమ్మ రెండోసారి అదిమింది. వీరమ్మ పెదవి కొరికి తెంపుకుంది గానీ, పాలు తాగుతున్న బిడ్డ ఉలిక్కిపడేలా అరవలేదు. లక్ష్మమ్మే పసుపూ, సున్నమూ అద్ది, తన కొంగు చింపి కట్టు కట్టింది. ఎర్రదిన్నె బండిలోనే ఇంటికి పంపించింది.

తెల్లవారి తుమ్మలదొడ్డిలో కుక్కలు మొరిగాయి. లక్ష్మమ్మ చేతి సంచితో ఒంటరిగా వీధిలో నడిచి వస్తోంది. పురుడు పోసినవాళ్ళు పురిటి స్నానం దాకా రోజూ వచ్చి బిడ్డకు నీళ్ళు పోయాలి. అది మంత్రసాని వృత్తి. ఆమె ఎవరినీ పలకరించలేదు. నేరుగా వాకిట్లో రాతి మీద కూర్చుని, కాళ్ళు చాచి, చీర మోకాళ్ళ పైకి మడిచింది.

"తీసుకరా" అంది.

వీరమ్మ గడపలో ఆగిపోయింది. చెయ్యి భుజం దాకా సలుపుతోంది. వేలు ఇచ్చేటప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. ఆ కాళ్ళ మీద పెడితే పసిగుడ్డు గొంతుకూ లక్ష్మమ్మ బొటనవేలికీ మధ్య బెత్తెడు కూడా ఉండదు. నీళ్ళు ముక్కులో పడినా చాలు, ఎవరూ ఏమీ అనలేరు. ఈ పూటే కాదు, రేపు కూడా ఇలాగే ఇవ్వాలి, ఎల్లుండి కూడా ఇవ్వాలి. లక్ష్మమ్మ తొందరపెట్టలేదు. ఒకనాడు చేనిగట్టు మీద ఆమె తనను ఎలా నమ్మిందో వీరమ్మకు తెలుసు. అలా కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యడం తప్ప నమ్మకానికి ఇంకో దారి లేదని ఆమెకు ఇప్పుడు అర్థమైంది, అర్థమై గుండె పగిలిపోతున్నంత భయమేసింది.

"నీళ్ళు సల్లారిపోతాండాయి మే" అంది లక్ష్మమ్మ.

వీరమ్మ మెట్టు దిగి వచ్చి, బిడ్డను ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టి, ఎడమచేత్తో చెంబు అందుకుని నీళ్ళు వంచడం మొదలుపెట్టింది.